తొమ్మిది జడలు, ఎర్రదారం

జూన్ 16, సోమవారం

బడి తెరిచారు. ఎండ మాత్రం సెలవులు ముగించుకున్నట్టు లేదు. మూడో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. ముప్ఫై తొమ్మిదో పిల్ల పదిన్నరకు వచ్చింది. మౌనిక, ఎనిమిదేళ్లు. తల చుట్టూ ఎర్ర తువ్వాలు, గడ్డం కింద ముడి.

తీసుకొచ్చింది ఓబులేసు, ఆ పిల్ల చిన్నాయన. జీపు చప్పుడు వినగానే వరండాలో ఆయమ్మ చీపురు కింద పెట్టేసింది. నా క్లాసు చప్పున అణిగిపోయింది. పదహారేళ్లుగా బెత్తంతో కొట్టీ, గొంతు చించుకునీ నేను తేలేని నిశ్శబ్దం, ఆ మనిషి గడప దగ్గర నిలబడితే వచ్చేసింది. కాస్త కుళ్లుకున్నాను కూడా.

వీపు నిండా జుట్టు. నడుము దాకా. దాని సంగతి జమ్మలమడుగులో తెలియనివాళ్లు లేరు. ఐదేళ్ల కిందట వాళ్ల అన్నను చంపిన రోజు, శవం పక్కనే తల్లి ఇతని చేత ఒట్టు వేయించింది — ఆ పని చేయించినవాడు చచ్చేదాకా నీ జుట్టుకు కత్తెర తగలకూడదు అని. ఆ అన్న కూతురే మౌనిక. చేయించినవాడు పులివెందులలో నిక్షేపంగా ఉన్నాడు. ఈ జుట్టు పెరుగుతూనే ఉంది.

"వెనకాల కూర్చోబెట్టు టీచర్. తువ్వాలు తీయమని మాత్రం అడగాకు."

అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది...

జూన్ 17

హాజరు పిలిస్తే ఆ పిల్ల పెదవులు కదిలాయి. మాట వినపడలేదు. వేశాను టిక్కు.

జూన్ 24, మంగళవారం

ఈరోజు జరిగింది రాయడానికి సిగ్గు.

మధ్యాహ్నం అన్నాల వేళ మగపిల్లలు తువ్వాలు లాగేశారు. ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు లేవని అప్పుడు గమనించాను — ఎనిమిది రోజులుగా ఆ ముఖం చూస్తున్నాను, అది ఎందుకు అంత బోసిగా ఉందో తట్టలేదు. టీచరునంట.

"కోడిగుడ్డు" అన్నాడు ఒకడు. నవ్వులు. వాడిని కొట్టాను. గట్టిగానే. వాడు ఏడ్చాడు గాని ఆ పిల్ల ఏడవలేదు. బల్ల కిందికి దూరి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చివరి గంట దాకా అక్కడే. నేను కింద కూర్చుని పిలిచాను. రాలేదు. పక్కనే నేల మీద కూర్చుని ఎక్కాలు చెప్పించాను క్లాసుకి. ఇంకేం చేయాలో తెలియలేదు.

జూన్ 25

రాలేదు.

జూన్ 30

రాలేదు. ఆ రోజు నుంచి ఒక్కరోజూ రాలేదు.

జూలై 6, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక, మా ఆయనతో కూడా చెప్పకుండా, నేరుగా వాళ్లింటికి. ఆయన కలమల్ల కరెంటు ప్లాంటు నుంచి వారానికి ఒక్కరోజు వస్తాడు, ఆ ఒక్కరోజూ భార్య ఫ్యాక్షన్ ఇంటికి పోయిందంటే అన్నం సహించదు.

ఇనుప గేటు. ఇద్దరు మనుషులు అరుగు మీద. "టీచరంట, పంపు." లోపలికి పోయాను.

పోయి — చూశాను.

వేపచెట్టు నీడలో నులక మంచం. మంచం మీద మౌనిక, తువ్వాలు లేకుండా. మంచం కింద నేల మీద బాసింపట్టు వేసుకుని ఓబులేసు. పిల్ల చేతిలో దువ్వెన. పక్కన గిన్నెలో కొబ్బరినూనె. ఆ ఐదేళ్ల జుట్టును పాయలు తీసి, నూనె రాసి, చిక్కు విడదీసి, జడ అల్లుతోంది. నాలుక బయటపెట్టి, అంత శ్రద్ధగా. చివర నీలం రిబ్బను.

"కదలద్దు చిన్నాయనా."

కదల్లేదు. ఊళ్లో ఎవరి మాటకూ ఆగనివాడు అక్కడ రాయిలా కూర్చున్నాడు. నన్ను చూశాడు. సిగ్గుపడలేదు, లేవలేదు. లేస్తే జడ చెదిరిపోతుంది మరి.

నా కాళ్లు ఆగిపోయాయి. భయం అనుకున్నాను. కాదు. గుడిలోకి అడుగుపెట్టినప్పుడు గొంతు దానంతట అదే తగ్గిపోతుంది కదా, అది.

మౌనిక వాళ్లమ్మ లక్ష్మీదేవి మజ్జిగ తెచ్చింది. ఆమె జుట్టు పొట్టిగా ఉంది, రెండంగుళాలు. కూతురికి జుట్టు రావాలని కొండకు మొక్కుకుని గుండు చేయించుకుందట. "మొదుట్లో రూపాయి బిళ్లంత ఊడింది టీచర్. పేనుకొరుకుడు అనిరి. ఉల్లిగడ్డ రుద్దినాం. ఒక్కోటి, ఒక్కోటి... పొద్దుటూరు డాక్టరు వస్తే రావచ్చు, రాకపోతే లే అన్యాడు."

"బడికి పంపించమ్మా."

"నేను పంపనా? అదే. ఎంటికలు వచ్చినాకనే పోతాదంట. రాకపోతే?"

ఆ "రాకపోతే" ఇంకా చెవిలో ఉంది. ఆ పిల్ల చదువు, ఆ పిల్ల బయటి లోకం, మొత్తం ఆ మాట మీద ఆగి ఉంది.

జూలై 8

ఆసుపత్రిలో నర్సు మేరీతో చెప్పుకున్నాను. మేరీకి మిషన్ పత్రికలన్నీ చదివే రోగం ఉంది. "యాడనో చదివినాను వదినా. ఆడోళ్లు వాళ్ల జడలు కత్తిరించి ఇచ్చేస్తారంట, జుట్టు పోయిన పిల్లోళ్లకు విగ్గులు చేసేదానికి. వాళ్లకు ఆ పిల్లోళ్లు ఎవరో కూడా తెలీదంట."

ఎవరో తెలియని పిల్లకి. రోజంతా అదే మాట తల్లో తిరిగింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

జూలై 12, శనివారం

పొద్దుటూరు. డ్రామా డ్రస్సుల అంగడి. మస్తాన్ సాయిబు గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయాను. డెబ్బై ఏళ్లుంటాయి. నాటకాల్లో రాజులకు, రాణులకు, మునులకు జుట్లు కట్టేది ఆయనే. మేకులకు వేలాడుతున్నాయి వరసగా. అన్నిటికీ మధ్య ఆయనది మాత్రం నున్నటి బట్టతల.

చిన్నపిల్లకు అన్నాను. నాటకంలో వేషమా అన్నాడు. కాదు, బడికి పోయేదానికి. చేతిలో పని పక్కన పెట్టేశాడు.

"ఇంతవరకు ఒక్క బిడ్డకు కూడా కట్టలే అమ్మా. కడతా. వల మీద ఒక్కొక్క ఎంటిక ముడెయ్యాల కొక్కెం సూదితో. రెండు నెలలు పడతాది. ఎంటికలు మీరు తేవాల. మూరెడు పొడుగు. శానా కావాల."

ఎన్ని కావాలన్నా తెస్తానన్నాను. నా గొప్పలకేం తక్కువ.

జూలై 20, ఆదివారం

స్త్రీల కూటంలో లేచి చెప్పాను. జుట్టు కావాలి, పిల్లకోసం. ఏ పిల్ల అని చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

పాస్టరమ్మ కొంగు సర్దుకుంది. "ఆడదానికి జుట్టు దేవుడిచ్చిన అందం గదా సలోమీ..." అవునమ్మా, అందుకే ఇవ్వమంటున్నాను, అన్నాను. మరీ పెంకిగా వచ్చింది ఆ మాట. పోనీ.

జూలై 25

గోనెసంచి నిండింది. నిండిపోయింది. మా వీధి వాళ్లు, పక్క వీధి వాళ్లు, తురక వీధి నుంచి కూడా. కళ్లు చెమర్చాయి. ఇంత మంచివాళ్ల మధ్య ఉంటూ రోజూ విసుక్కుంటానే.

జూలై 26, శనివారం

నవ్వాలా, తలబాదుకోవాలా.

మస్తాన్ సాయిబు సంచి నేలమీద గుమ్మరించాడు. ఉండలు. అన్నీ ఉండలు. దువ్వుకున్నాక రాలిన జుట్టును చుట్టి గోడ సందుల్లో, చూరు కింద దాస్తాం కదా ఆడవాళ్లం — స్టీలు సామాన్లు అమ్మే ఆమె వస్తే గిన్నెకో గ్లాసుకో ఇవ్వడానికి. అవన్నీ. ఏళ్ల తరబడి దాచినవి, గిన్నె వదులుకుని మరీ నాకిచ్చేశారు. జుట్టు ఇవ్వండి అంటే మా ఊళ్లో ఇంకేం ఇస్తారు? కత్తిరించి ఇవ్వమని నేను చెప్పానా? చెప్పలేదు. జుట్టు అన్నాను, ఊరుకున్నాను.

ముసలాయన ఒక ఉండ విప్పి చూపించాడు. "ఎంటికకు మొదలుంటాది, కొసుంటాది అమ్మా. అన్నీ ఒక్క దిక్కుకు ఉండాల. ఇట్ల తలకిందులు కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నాల్గు దినాలకు పిచ్చుకగూడు." నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "శానామంది ఇచ్చినారే... ఇది పారెయ్యను. రాక్షసుల వేషాలకు పనికొస్తాది."

బస్సులో వస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కండక్టరు వింతగా చూశాడు. ఇంటికొచ్చాక ఏడుపు.

ఆగస్టు 3, ఆదివారం

అద్దం ముందు కూర్చున్నాను. మేరీ కత్తెర పట్టుకుంది. రెండు చోట్ల దారం కట్టింది, నేను చెప్పినట్టే, మొదలు చెదరకుండా. అమ్మ అల్లిన జడ ఇది, పెళ్లినాడు పూలు మోసిన జడ... కర్ — ర్ — ర్. అంతసేపు పడుతుందనుకోలేదు. తర్వాత మెడ తేలిక. గాలి తగిలింది.

తనది కూడా కత్తిరించమని మేరీ వెనక్కి తిరిగి కూర్చుంది. అడగలేదు నేను.

ఆయన గడప దగ్గర నిలబడిపోయాడు. చాలాసేపు చూసి, "టోపీ పెట్టుకుంటే మా ప్లాంటులో పనికి తీసుకుంటారు" అన్నాడు. అన్నం మాత్రం పెట్టుకుని తిన్నాడు. ఈ మనిషి కోప్పడ్డాడో మెచ్చుకున్నాడో ఇరవై ఏళ్లుగా తెలుసుకోలేకపోతున్నాను.

ఆగస్టు 9, శనివారం

చాలదు.

నాది, మేరీది, అడిగితే ఇచ్చిన కాలేజీ పిల్లలిద్దరివి. నా జడలో సగం తెలుపు. మస్తాన్ సాయిబు వెలుతురులో పట్టుకుని, నల్లవి ఒక్కొక్కటే ఏరుతున్నాడు. చివరకు, "ఇంగొక్క మంచి తల ఉంటే సాలు తల్లీ. దట్టంగా, నల్లగా, రంగు తగలంది."

నాకు తెలుసు ఆ తల ఏదో. ఆయనతో చెప్పలేదు. ఈ పేజీలో రాయడానికే చెయ్యి ఆగుతోంది.

ఆగస్టు 11

ఎవరడగాలి?

ఆగస్టు 13

పిల్ల వచ్చి రెండు నెలలవుతోంది. వచ్చింది ఎనిమిది రోజులు. రిజిస్టరులో ఆ వరసంతా గైర్హాజరు. హెడ్మాస్టరు, పేరు తీసేద్దామా అన్నాడు. వద్దు సార్ అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

ఆగస్టు 17, ఆదివారం

అడిగాను.

అవ్వ ముందే అడిగాను, ఓబులేసు తల్లి. ఒట్టు వేయించిన మనిషి. వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది, తల మీద తెల్ల కొంగు. పొద్దుటూరు, వల, సూది, మూరెడు పొడుగు, ఏదేదో వాగాను. ఓబులేసు జుట్టయితే సరిపోతుంది అన్న ఒక్క మాట చివర్లో వచ్చింది.

ఓబులేసు లేచి పెరట్లోకి పోయాడు. లక్ష్మీదేవి నా చేతిలో గ్లాసు తీసుకుంది, తాగకముందే.

అవ్వ నా పొట్టి జుట్టు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో.

"ఆ జుట్టు వాందిగాదు టీచరమ్మా. పోయిన నా పెద్దకొడుకుది. వాడు సచ్చినప్పటినుంచి నాకు కనపడేది అదొక్కటే. పో ఇంగ."

వచ్చేశాను. గేటు దాటాక కూడా వెనక్కి తిరగలేదు. ఆమె మీద కోపం రాలేదు. కొడుకు ఒంటి మీద కొడుకుని పెంచుకుంటోంది ఆ తల్లి. దాన్ని కత్తిరించమన్నాను నేను.

ఆగస్టు 21

ప్రార్థనకు మాటలు రావడం లేదు. మోకాళ్లు మాత్రం నొప్పి పుడుతున్నాయి.

ఆగస్టు 29, శుక్రవారం

అవ్వ వచ్చింది.

మధ్యాహ్నం బడికి. నడిచి. తోడు ఎవరూ లేకుండా. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది, ఎప్పటినుంచో. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. బయటికి పోయాను.

"మా పాప కూర్చునే తావు ఏదమ్మా?"

చూపించాను. చివరి బల్ల, కిటికీ పక్కది. ఖాళీ. ఆ ఖాళీని చూసింది. పక్కబల్ల పిల్లలు సర్దుకుని కూర్చున్నా ఆ చోటు ఎవరూ తీసుకోలేదు. నేను చెప్పింది కాదు, వాళ్లంతట వాళ్లే. భయంతోనో, మరి దేనితోనో.

"మొగోడి ఎంటికలు ఆడబిడ్డకు పనికొస్తాయా?"

"వస్తాయి అవ్వా."

"మీ దేవుడు, ఒట్టు తప్పినోళ్లను ఏం చేస్తాడు?"

"క్షమిస్తాడంటారు."

"అంటారా? చేస్తాడా?"

నేను నీళ్లు నమిలాను. సండే స్కూల్లో నలభై మందికి పాఠం చెప్పే నోరు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిన్న పాప వాని జుట్టు దువ్వుతా అడిగింది, చిన్నాయనా, ఇది నాయనదంట గదా, నాయన నాకిచ్చేటోడా అని. వాడు నా దిక్కు చూసినాడు. నేనేం చెప్పాల... నేనే పెట్టిచ్చినా ఆ ఒట్టు. నేనే తీపిస్తా. పాపం ఉంటే నాకు తగలనీ."

పోయింది. వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డాను. అంత చిన్న మనిషి. నా క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది అరుస్తున్నారు, నాకేమీ వినపడలేదు.

సెప్టెంబరు 6, శనివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

జీపులో మేం ఐదుగురం — అవ్వ, లక్ష్మీదేవి, మౌనిక, ఓబులేసు, నేను. మస్తాన్ సాయిబు అంగడి తలుపు సగం వేసి, చాప పరిచి, దాని మీద ఉతికిన తెల్లపంచె వేశాడు. ఒక్క వెంట్రుక నేల తగలకూడదట.

"జడలు జడలుగా తీయాల. మొదలుకు ఎర్రదారం కట్టాల. దారం ఉండే దిక్కు మొదలని నాకు తెలుస్తాది. అల్లేది ఇంటోళ్ల చేతులైతే మేలు, ఎవరైనా అల్లండి."

ఎవరా అని అడిగేలోపే మౌనిక తువ్వాలు విప్పి పక్కన పెట్టింది. పరాయి మనిషి ముందు. దువ్వెన తనే తెచ్చుకుంది. వెనక్కి పోయి కూర్చుని మొదలుపెట్టింది. ఇంట్లో ఎప్పుడూ చేసే పనే. తొమ్మిది పాయలు. ఒక్కోటి అల్లి, నెత్తి దగ్గర ఎర్రదారం మూడు చుట్లు, ముడి. మస్తాన్ సాయిబు వంగి చూసి, "నాకు ఇంత పనితనముండే మనిషి దొరకలే ఇన్నేండ్లలో" అన్నాడు. పిల్ల నవ్వింది. ఆ పళ్లు నేను చూడటం ఇదే మొదలు.

"కదలద్దు చిన్నాయనా."

తొమ్మిది జడలయ్యాయి. కత్తెర అవ్వ చేతికిచ్చారు. అవ్వ తీసుకుంది. నిలబడే ఉంది. బయట సైకిళ్లు, సోడాబండి గంట... ఓబులేసు కళ్లు మూసుకున్నాడు.

"శివా" అంది అవ్వ. చచ్చిపోయిన పెద్దకొడుకు పేరు. ఓబులేసు భుజం మీద ఒక చెయ్యి వేసి, ఆ పేరు పిలిచి, మొదటి జడ కత్తిరించింది. ఏడవలేదు. రెండోది. మూడోది. ఒక్కొక్కటి మౌనిక రెండు చేతులా పట్టుకుని పంచె మీద పడుకోబెట్టింది, ఎర్రదారాలన్నీ ఒక్క దిక్కుకు.

తొమ్మిదో జడ తెగాక ఓబులేసు మెడ కనిపించింది. ఐదేళ్లు ఎండ చూడని మెడ. పసిపిల్లవాడి మెడలా తెల్లగా. ఊరంతా జడిసే మనిషికి అలాంటి మెడ ఉందని ఎవరికి తెలుసు? లక్ష్మీదేవి అక్కడే కుప్పకూలి ఏడ్చింది. నేనూ. మస్తాన్ సాయిబు గోడ వైపు తిరిగాడు. దేవా, నేను చూశాను. ఇది నేను నా కళ్లతో చూశాను.

సెప్టెంబరు 7, ఆదివారం

నిన్న సగమే రాశాను. మిగతా సగం ఇంకో రకం.

తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదు. మౌనిక సోడా అడిగితే బస్టాండు దగ్గర జీపు ఆపారు. ఓబులేసు దిగాడు, తలమీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సోడా అంగడాయన చూశాడు. గోలీ నొక్కబోయిన వేలు అలాగే ఆగిపోయింది. సోడా ఇవ్వలేదు. అంగడి చెక్కలు వేసేయడం మొదలుపెట్టాడు.

మాకు అర్థమయ్యేలోపు బట్టలంగడి షట్టరు. మందులంగడి. కూరగాయలవాళ్లు తట్టలెత్తుకున్నారు. పులివెందుల బస్సు ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగిపోతున్నారు. పావుగంటలో బస్టాండు ఊడ్చిపెట్టినట్టయింది. మేం ఎవరమూ, ఒక్కరమూ ఇది ఆలోచించలేదు. ఆ జుట్టు పోయిందంటే ఊరికి ఒక్కటే అర్థం. పులివెందులాయన పోయాడని.

ఎస్సై వచ్చాడు. చెయ్యి నడుము దగ్గర. "ఎప్పుడు? యాడ?"

అవ్వ జీపులోంచి తొంగిచూసింది. "ఎవరికీ ఏం కాలే నాయనా. మా పాపకు ఎంటికలు కావల్లంటే కత్తిరిచ్చినాం. టీచరమ్మ నడుగు."

నన్నడిగాడు. చెప్పాను. నమ్మలేదు. ఎలా నమ్ముతాడు, నాకే కథలా వినపడింది. టెలిఫోన్ బూత్‌కు పోయాం అందరం. పులివెందులకు ఫోను. ఎత్తినవాళ్లు చెప్పారట, ఆయన బ్రహ్మాండంగా ఉన్నాడు, వరండాలో ఉగ్గాని తింటున్నాడు అని. తర్వాత ఆయనే ఫోను తీసుకున్నాడు. గొంతు బయటికి వినిపించింది.

"వాడు జుట్టు ఎందుకు తీపిచ్చుకున్యాడంట?"

ఎస్సై చెప్పాడు. అన్నకూతురికి వెంట్రుకలు లేవు సార్, విగ్గు కట్టించేదానికంట.

అవతల ఏమీ లేదు. బూత్‌లో మీటరు అంకెలు తిరుగుతున్నాయి. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

మౌనిక నా కొంగు లాగింది. "సోడా యాడ టీచర్?"

సెప్టెంబరు 9

ఎన్నికల ఏడాది. పార్టీ వాళ్లు రెండు కార్లలో వాళ్లింటికి వచ్చారట. జుట్టు తీపించి పరువు తీసినావు, రేపు ఓట్లడిగితే మనకు భయపడేదెవరు అని. లక్ష్మీదేవి చెప్పింది. ఓబులేసు ఒక్క మాటే అన్నాడట: "మా పాపకు మీ ఓట్లు నెత్తిన పెట్టాలనా?"

కార్లు పోయాయి. అరుగు మీద మనుషులు మాత్రం ఇద్దరు కాదు, ఇప్పుడు నలుగురు.

సెప్టెంబరు 14

మరి ఆ ఒట్టు? అందరూ నన్నే అడుగుతున్నారు, నేనేదో దాని హక్కుదారునైనట్టు. పాస్టరమ్మ కూడా. ఆమె ఇంకో మాట కూడా అంది, తన జడ పట్టుకుని, "ఇంగా కావాలంటే చెప్పు సలోమీ." ఈమెను ఇన్నేళ్లు తప్పుగా అనుకున్నాను.

అక్టోబరు 18, శనివారం

పొద్దుటూరు పోయి చూసొచ్చాను. చెక్క తలకు వల తొడిగి, ముడి, ముడి, ముడి. సగమైంది. భూతద్దం పెట్టుకుని కడుతున్నాడు. రాజుల జుట్లన్నీ లోపలికి తీసేశాడు. "ఇది ఎత్తినాక ఇంగో పని చేబట్టలే."

నవంబరు 8, శనివారం

అయిపోయింది. మస్తాన్ సాయిబు తనే తొడిగాడు, రెండు చేతులతో, చెవుల వెనక సర్ది. తర్వాత అద్దం.

మౌనిక చూసుకుంది. నవ్వలేదు. ఒక పాయ ముందుకు లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. "చిన్నాయన నూనె వాసన." ఇంకా వెతికింది. ఎక్కడో ఏరకుండా మిగిలిపోయింది ఒక తెల్ల వెంట్రుక — పట్టుకుంది. "ఇది టీచరుది."

పీకేస్తానన్నాడు ముసలాయన. వద్దంది.

అవ్వ, పిల్ల దగ్గరికి పోయి ఆ జుట్టు మీద చెయ్యి వేసింది. నిమిరింది, పైనుంచి కిందికి. కొడుకుని నిమురుతోందో మనవరాలినో నాకు తెలియలేదు. ఆమెకు తెలుసో లేదో.

"ఊడిన ముడులు కట్టుకుంట పోతే రెండేండ్లు వస్తాది. అప్పటికి తల పెద్దదైతాది గదా, ఇంగోటి కట్టాల," అన్నాడు మస్తాన్ సాయిబు.

నవంబరు 10, సోమవారం

హాజరు పిలిచాను. ముప్ఫై తొమ్మిది.

"ప్రెజెంట్ టీచర్."

గోడ అవతల నాలుగో తరగతి దాకా వినపడింది. నేను పెన్ను కింద పెట్టి, కాసేపు రిజిస్టరు చూస్తున్నట్టు నటించాను.

జనవరి 21

ఆటల పీరియడ్. మౌనిక విగ్గు తీసి కిటికీ మేకుకు తగిలించి కబడ్డీకి పోయింది. ఉట్టి తలతో. చెమట పడుతుందట. కోడిగుడ్డు అన్న ఆ పోకిరి ఆ కిటికీ దగ్గర కాపలా. ఎవరు పెట్టారు నిన్ను అంటే, "నేనే టీచర్. కాకి ఎత్తుకపోతాది."

అప్పుడు వాడిని కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. నా అరచెయ్యి చూసుకున్నాను.

ఫిబ్రవరి 8

వీధి వీధికీ జెండాలు. మైలవరం దారిలో నిన్న రాళ్లు పడ్డాయి. ఆయన ఈ వారం కలమల్ల నుంచి రాలేదు, బస్సులు లేవు.

క్షవరశాలలో, టీ అంగట్లో, మా స్టాఫ్ రూములో కూడా ఒకటే మాట. ఓబులేసు మళ్లీ జుట్టు పెంచుతున్నాడు. ఐదు నెలలైంది, కత్తెర తగలలేదు. చెవుల మీదికి వచ్చింది. పాప కోసమా, పాత ఒట్టుకా?

ఫిబ్రవరి 15, ఆదివారం

ఉండలేక పోయాను.

వేపచెట్టు నీడ. మంచం మీద మౌనిక, నేల మీద ఓబులేసు. దువ్వెన. గిన్నెలో నూనె. పాయ తీయడానికి చాలినంత లేదు, అయినా తీస్తోంది. వేళ్లతో కొలుస్తోంది. "ఇంగా పిలకకు కూడా రాలే టీచర్. మూరెడు కావల్ల గదా. నాకే ఇది, ఈసారిది."

పిల్లకు తెలిసింది అంతే. అవ్వను చూశాను. వసారాలో గోడకానుకుని ఉంది. నా చూపు తప్పించింది. ఒకవేళ ఆమెకూ తెలియదేమో. అరుగు మీద ఇప్పుడు ఆరుగురు.

అడిగేశాను. ఈ నోరు ఆగదు కదా. ఊరంతా అడుగుతున్నది, ఎవరూ మొహం మీద అడగనిది.

"ఎందుకు పెంచుతున్నావప్పా?"

ఓబులేసు నా వైపు తల తిప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా.

"కదలద్దు చిన్నాయనా."

ఆగిపోయాడు.